మీ ఇంట్లో మీకు గది ‘ఇచ్చాడా’?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. మావారు పోయి మూడేళ్లయింది. ఆయన కట్టించిన డాబా ఇల్లు నా పేరు మీదే ఉంది. మాకు రెండు పక్కలా పాత ఇళ్లు కూల్చి, ప్రహరీ అంచుదాకా నాలుగంతస్తులు లేపారు. బావిలో ఉన్నట్టుంది. పొద్దున పదింటికి కూడా వంటింట్లో లైటు వేసుకోవాల్సి వస్తోంది. వాళ్ల మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి? మా అబ్బాయేమో ఈ ఇల్లు ఇక నిలవదు, మనమూ అలాగే కడదామంటున్నాడు. ప్లాన్ కూడా గీయించాడు. వెనకవైపు లిఫ్టు పక్కన నాకో గది ఇచ్చాడు. సంతకం పెట్టమని తొందరపెడుతున్నాడు. మా వెనకింటి పెద్దావిడదీ మాలాంటి పాత ఇల్లే.

జవాబు: అమ్మా, అనుమతి ప్లాన్‌లో చూపినంత ఖాళీ వాళ్లు వదలకపోతే ఫొటోలు జతచేసి మున్సిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. నిబంధనల ప్రకారమే కట్టుకుంటే చేయగలిగింది పెద్దగా లేదు. పక్కింటి సంగతి అంతే.

మీ ఉత్తరంలో ‘ఇచ్చాడు’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇల్లు మీది. అందులో మీకు గది మీ అబ్బాయి ఇవ్వడమేంటి? ప్లాన్ గీయించే ముందు ‘అమ్మా, నీకు ఎటువైపు గది కావాలి’ అని అడిగినట్టు ఎక్కడా రాయలేదు. వద్దని మీరు అన్నట్టూ రాయలేదు. కొడుకుతో అనలేని మాటను పక్కింటి గోడ మీదికి తోస్తున్నారని నాకనిపిస్తోంది.

మీ అబ్బాయి చెడ్డవాడని కాదు. అమ్మకు లిఫ్టుంటే సుఖమనే అనుకుని ఉండొచ్చు. కానీ పిల్లలు అడగ్గానే కళ్లు మూసుకుని సంతకం పెట్టడమే తల్లి ధర్మమని మనకు నూరిపోశారు చూడండి, అది నేను ఒప్పుకోను. మీ మాట అడగకుండా మీ సంతకం అడిగే హక్కు కన్న కొడుక్కైనా లేదు.

ఇల్లు నిలవదంటున్నాడు కాబట్టి, కట్టబోయే బిల్డర్‌తో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించి, రిపోర్టు రాతలో తీసుకోండి. స్లాబు పెచ్చులూడి, తుప్పుపట్టిన కమ్ములు బయటపడుతుంటే ఆలోచించాల్సిందే. అప్పుడు కూడా బాగుచేస్తే సరిపోతుందా అని అడగండి. రంగు వెలిసిందనో, గదులు చిన్నవనో అయితే కూల్చే పనే లేదు.

వెనకింటావిడ గురించి ఒక్క ముక్కే రాసినా, మీ మనసులో అది ఉంది. నాలుగంతస్తులంటే దాదాపు 12 మీటర్లు. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు దాని నీడ 20 మీటర్లు దాటి పడుతుంది. ఈరోజు మీరు పడుతున్న బాధ రేపు మీ సంతకంతో ఆవిడకు చేరుతుంది. ఇదీ అబ్బాయికి చెప్పండి.

ఈ ఆదివారం పొద్దున పదింటికి అతన్ని వంటింట్లో కూర్చోబెట్టండి. లైటు వేయకండి. ప్లాన్ ముందు పెట్టి, లిఫ్టు పక్క గదికి కిటికీ ఎటువైపుందో చూపించమనండి. ‘నేనింకా ఒప్పుకోలేదు నాన్నా’ అని మీ నోటితో చెప్పండి. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.