పసిబిడ్డకు వరిబీజం ఉంటే ఆపరేషన్ తప్పదా?

అక్కర్లేదు, పుట్టుకతో వచ్చిన వరిబీజం (హైడ్రోసీల్) చాలామంది పిల్లల్లో ఏడాది, రెండేళ్లలోపు దానంతటదే తగ్గిపోతుంది. కడుపులో ఉన్నప్పుడు వృషణం కిందికి దిగిన దారి పూర్తిగా మూసుకోకపోతే, పొట్టలోని నీరు వృషణాల తిత్తిలోకి జారుతుంది. అందుకే కొందరికి పొద్దున చిన్నగా ఉన్న వాపు రోజంతా ఆడాక సాయంత్రానికి నిమ్మకాయంత అవుతుంది. నొప్పి ఉండదు. టార్చి వేస్తే ఎర్రగా వెలుగుతుంది, కానీ పసివాళ్లలో హెర్నియా (పేగు కిందికి జారి వచ్చే వాపు) కూడా అలా వెలగొచ్చు కాబట్టి డాక్టరే తేల్చాలి. రెండేళ్లు దాటినా తగ్గకపోతే గజ్జల్లో చిన్న కోతతో ఆ దారిని కట్టేస్తారు.

పెద్దవాళ్ల బుడ్డలా ఇదీ దోమకాటుతో, ఫైలేరియాతో వచ్చిందని టెన్షన్ పడతారు. పుట్టుకతో వచ్చినదానికి ఫైలేరియాతో సంబంధం లేదు. సూదితో నీరు తీయించొద్దు, మళ్లీ నిండుతుంది. వాపు గట్టిపడి, బిడ్డ వాంతులు చేసుకుంటూ ఏడుస్తుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.