టార్గెట్ షూటింగుకు .357 మాగ్నం రివాల్వర్: ఏ కంపెనీది కొనాలి?

ప్రశ్న అనంతపురం నుంచి. ఇక్కడ పది మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నారు, గ్రీన్ కార్డుపై టెక్సాస్ వెళ్తున్నారు, అక్కడ కాగితపు లక్ష్యాలపై కాల్చడానికి .357 మాగ్నం రివాల్వర్ కొనాలనుకుంటున్నారు. స్మిత్ అండ్ వెసన్, రూగర్, కోల్ట్, టారస్‌లలో ఏది మంచిదని అడిగారు.

ఆరంగుళాల బ్యారెల్ ఉన్న స్మిత్ అండ్ వెసన్ 686 కొనండి. అది చేతికి కుదరకపోతే రూగర్ జీపీ100. నేను చాలా ఏళ్లు హ్యూస్టన్‌లో ఉండి ఇప్పుడు కడపలో స్థిరపడ్డాను. అక్కడి రేంజిలో ఈ నాలుగు కంపెనీల రివాల్వర్లూ కాల్చాను, మొదటి రెండూ నా సొంతానికి ఉండేవి. కడప మనిషి రివాల్వర్ గురించి రాస్తున్నాడంటే చదివేవారికి ఏ దృశ్యాలు గుర్తొస్తాయో తెలుసు. నా శత్రుత్వమంతా కాగితాలతోనే.

కంపెనీల కంటే ముందు తూటా సంగతి చూడాలి. .357 మాగ్నం 1935లో వచ్చింది. అప్పటికే వాడుకలో ఉన్న .38 స్పెషల్ తూటా గొట్టాన్నే మూడు మిల్లీమీటర్లకు కాస్త పైగా పొడిగించారు. ఎక్కువ ఒత్తిడి పుట్టించే ఆ కొత్త తూటా పాత .38 రివాల్వర్లలో పట్టకూడదన్నదే ఆ పొడవుకు కారణం. లోపలి గుండు వ్యాసం రెండింటికీ ఒకటే. కాబట్టి మాగ్నం రివాల్వర్‌లో .38 స్పెషల్ నిక్షేపంగా కాల్చవచ్చు, .38 రివాల్వర్‌లో మాగ్నం కాల్చకూడదు. పాతిక గజాల దూరంలో కాగితం మీద రంధ్రాల గుంపు చిన్నగా పడాలంటే 148 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) వాడ్‌కటర్ .38 తూటాకు మించింది లేదు. దాని ముక్కు చదునుగా ఉంటుంది, పంచింగ్ మెషిన్‌తో కొట్టినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది, లెక్కించడం తేలిక. మీరు కొనేది మాగ్నమే అయినా కాల్చేది ఎక్కువగా ఇదే అవుతుంది. అంత బరువైన రివాల్వర్‌లో దాని తన్ను అసలు తెలియదు.

అందుకే ఏ కంపెనీది ఎంత గట్టిదన్న వాదనను నేను పెద్దగా పట్టించుకోను. టార్గెట్ షూటర్‌కు ట్రిగ్గర్, గురి చూసే సైట్లు, పిడి ముఖ్యం. మీ ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ అర కిలో బరువుకే తెగుతుంది, అంటే పేలుతుంది. రివాల్వర్‌లో హ్యామర్ (వెనక ఉండే సుత్తి) ఎత్తి పెట్టి కాల్చినా అంతకు మూడు రెట్లు కావాలి. ఎత్తకుండా నేరుగా నొక్కితే నాలుగైదు కిలోల దాకా పోతుంది. మొదటి రోజే నిరుత్సాహపడకండి.

686 ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 1955 ప్రాంతంలో ఈ కంపెనీ పోలీసుల కోసం మధ్యరకం ఫ్రేముపై (ఫ్రేము అంటే మిగతా భాగాలన్నీ అమరే ఉక్కు చట్రం) మోడల్ 19 తెచ్చింది. నడుముకు పెట్టుకుని తిరగడానికి హాయిగా ఉండేది. కానీ 125 గ్రెయిన్ల తేలికపాటి, వేగవంతమైన మాగ్నం తూటాలు తెగ కాల్చినవారికి బ్యారెల్ వెనక మొదలు, అంటే సిలిండర్ నుంచి గుండు దూరే చోటు, అడుగు భాగంలో పగలడం మొదలైంది. ఆ చోట లోహం పలచన. దానికి జవాబుగా 1980ల మొదట్లో కాస్త పెద్దదైన ఎల్ ఫ్రేము వచ్చింది, స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసినదే 686. బ్యారెల్ కింద చివరిదాకా ఉక్కు దిమ్మ ఉంటుంది, ఖాళీగా ఒకటింపావు కిలోకు పైనే తూగుతుంది, బరువు ముందుకు వాలి గురి ఊగదు. హ్యామర్ ఎత్తి పెట్టినప్పుడు ట్రిగ్గర్ జరగదు, సాగదు, ఒక్క చోట తెగుతుంది. ఎయిర్ పిస్టల్ నుంచి వచ్చేవారికి ఇదే పెద్ద ఊరట. 2001 నుంచి చాలా మోడళ్లలో పక్కన కనిపించే తాళం రంధ్రాన్ని తిట్టేవారు చాలామంది ఉన్నారు. చూపుకు బాగుండదు, నిజమే. నా గుంపులు దానివల్ల పెద్దవి కాలేదు.

రూగర్ జీపీ100 1985లో వచ్చింది. ఫ్రేముకు పక్క పలక లేదు, ట్రిగ్గర్ యంత్రాంగమంతా కింది నుంచి ఒకే ముక్కగా బయటికి వస్తుంది. ఇంట్లోనే విప్పి శుభ్రం చేసుకునేవారికి దీన్ని మించింది లేదు. ట్రిగ్గర్ కొత్తలో గరగరలాడుతుంది, వాడకంతో మెత్తబడుతుంది, స్ప్రింగులు మార్చుకుంటే ఇంకా మెరుగు. దీనిలో నాకు బాగా నచ్చిన విషయం గురించి ఎవరూ మాట్లాడరు. పిడి ఉండే చోట ఫ్రేము సన్నటి బొడిపెలా మాత్రమే ఉంటుంది కాబట్టి దానిపై సన్నదైనా లావుదైనా ఏ ఆకారపు పిడినైనా తొడగవచ్చు. మన చేతులు అమెరికావారి చేతులంత పెద్దవి కావు. అంగడిలో రెండూ పట్టుకుని చూడండి, చూపుడువేలి మొదటి కణుపు ముందు భాగం ట్రిగ్గర్ మీద సహజంగా పడాలి. 686పై పడకపోతే మొహమాటం లేకుండా రూగర్ తీసుకోండి.

కోల్ట్ పైథాన్ అందగత్తె. 1955 నాటిది, ఈ శతాబ్దం మొదట్లో ఆగిపోయింది, 2020లో మళ్లీ వచ్చింది. పాతవి సేకర్తల ధర పలుకుతాయి. వాటి సిలిండర్ తిరిగి బిగుసుకునే సమయం తప్పితే సరిచేయగల పనివారు అరుదు. కొత్తది లోపల మార్చి చేసినది, ట్రిగ్గర్ నున్నగా ఉంటుంది. ధరలో తేడా మాత్రం గట్టిగానే ఉంటుంది, ఆ తేడాతో కొన్ని వేల తూటాలు కొనవచ్చు. నేనైతే తూటాలే కొంటాను. టారస్ బ్రెజిల్ కంపెనీ, చవక. ఒకటి బాగుంటే పక్కది అంత బాగుండకపోవచ్చు, చేతిలోకి తీసుకుని చూడకుండా కొనవద్దు. ఇంకా పెద్దదైన .44 మాగ్నం గురించి ఎవరైనా ఊరిస్తే నవ్వి ఊరుకోండి.

పాతది కొనేటట్లయితే ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, అమ్మేవారి అనుమతితో హ్యామర్‌ను చాలా నెమ్మదిగా ఎత్తండి. హ్యామర్ నిలిచేలోపు సిలిండర్ తన స్థానంలో బిగుసుకోవాలి. సిలిండర్‌లో తూటా పెట్టే ప్రతి గదికీ ఇలా చూడాలి. బ్యారెల్ వెనక మొదలును టార్చి వేసి పరీక్షించండి.

.38లు ఎక్కువగా కాల్చినప్పుడు సిలిండర్ గదుల్లో, పొట్టి గొట్టం ముగిసే చోట, మసి ఉంగరంలా పేరుకుంటుంది. బ్రష్‌తో తీసేయకపోతే తర్వాత మాగ్నం తూటాలు ఇరుక్కుంటాయి. చెవులకు లోపల బిళ్లలు, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. పైకప్పున్న రేంజిలో మాగ్నం మోతకు ఒకటి చాలదు. ఆ మోతకే శరీరం ముందుగా ఉలికిపడటం నేర్చుకుంటుంది. మధ్యలో పేలని డమ్మీ తూటాలు కలిపి కాల్చితే ఆ ఉలికిపాటు బయటపడుతుంది.

పోటీల ఆలోచన ఉంటే ఇది గమనించండి. అంతర్జాతీయ 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలో 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల వ్యాసానికి అనుమతి ఉంది, కానీ గుండు మెత్తటి సీసంతో చేసినదై ఉండాలి, మాగ్నం శక్తికి అక్కడ చోటు లేదు. అక్కడ ఎక్కువమంది .32 వాడ్‌కటర్ పిస్టళ్లే వాడతారు. మాగ్నంకు అసలు పని దొరికేది 200 మీటర్ల దాకా ఇనుప పొట్టేళ్లను పడగొట్టే సిలూయెట్ పోటీల్లో.

మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి కొనడానికి దారి ఉంది. హెచ్-1బీపై వెళ్లే మిత్రులు మాత్రం జాగ్రత్త. వేట లైసెన్సు వంటి మినహాయింపులు లేకుండా తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం సమాఖ్య చట్టం కింద నేరం. ఇండియాకు తేవడం గురించి ఇప్పుడే ఆశ పెట్టుకోవద్దు. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకు తుపాకుల దిగుమతి ఆగిపోయింది, గుర్తింపు పొందిన షూటర్లకే ప్రధానంగా వీలుంది. కర్నూలులో లైసెన్సున్న నా మిత్రుడి దగ్గర ఉన్నది కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషన్‌లో అప్పగించి వస్తాడు. నా రెండూ హ్యూస్టన్‌లోనే ఒక లైసెన్సు డీలరుకు అమ్మేసి విమానం ఎక్కాను. 686కు మంచి ధరే వచ్చింది.