హాట్ సీట్‌కి బయల్దేరుతున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నోడా,

కేబీసీ (కౌన్ బనేగా కరోడ్‌పతి) ఆడిషన్ దాటావనీ, షూటింగ్‌కి ముంబయి రమ్మన్నారనీ వదిన ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచి నాకు కాలు ఒక్కచోట నిలవడం లేదు. తెలుగు షోలోనే అయినా, ఆ కుర్చీలో కూర్చుని వచ్చినదాన్ని కదా, నాకు తెలిసిందంతా నీకు చెప్పేయాలనుంది. ఫోన్‌లో చెబితే ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తావు, అందుకే రాస్తున్నా. దాచుకుని తీరిగ్గా చదువు.

ముందు అసలు సంగతి చెబుతా. గ్రూప్స్‌కి అన్నాళ్లు చదివావు, నీకు జీకే కొరత లేదు. కానీ ఆ పరీక్ష వేరు, ఈ ఆట వేరు. పరీక్షలో పది తప్పినా ర్యాంకు రావచ్చు, ఇక్కడ ఒక్కటి తప్పితే లేచి వచ్చేయాలి. కాబట్టి నిజంగా తెలిసిందేదో, తెలిసినట్టు అనిపిస్తున్నదేదో ఆ నిమిషంలో విడదీసుకోగలగాలి. నాతోపాటు వచ్చినవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నది తెలియని ప్రశ్న దగ్గర కాదు. తెలియనప్పుడు జాగ్రత్తగా లైఫ్‌లైన్, అంటే ఆటలో ఇచ్చే సాయం, అడిగారు. తెలుసనుకున్న చోట, ఆప్షన్లు పూర్తిగా చదవకుండా లాక్ చేయించేసి ఇంటికి వెళ్లారు.

దీనికి సాధన ఉంది. ఇవాళ్టి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకో. ప్రశ్నకు జవాబు రాసి, కీ చూడకముందే దాని పక్కన 'పక్కా', 'అనుమానం', 'గుడ్డిగా' అని మూడింట్లో ఒకటి రాయి. వారం తర్వాత కూర్చుని 'పక్కా' అని రాసినవాటిలో ఎన్ని తప్పాయో లెక్కపెట్టు. నూటికి రెండు మూడు తప్పితే నీ పక్కాని నమ్ముకోవచ్చు. పదిహేనో ఇరవయ్యో తప్పుతున్నాయంటే, కొత్తగా ఇంకో పుస్తకం చదవడం కాదు, ఏ సబ్జెక్టులో అలా జరుగుతోందో పట్టుకోవాలి. మామూలుగా క్రికెట్‌లో, సినిమాల్లో మనకు అతి నమ్మకం, సైన్సులో తెలిసి కూడా భయం. అలాగే 'అనుమానం' అని రాసినవి ఎన్ని ఒప్పయ్యాయో కూడా చూడు. నాలుగింటిలో ఒకటి గుడ్డిగా పెట్టినా తగులుతుంది కాబట్టి, సగానికి పైగా ఒప్పవుతున్నాయంటే నీ అనుమానానికి కూడా విలువుందని అర్థం, ఆట మధ్యలో అది పనికొస్తుంది.

ఇంకో ప్రమాదం పాత జవాబులు. చిన్నప్పుడు బట్టీ పట్టినవి నోటి చివర ఉంటాయి, కొత్తవి లోపలెక్కడో ఉంటాయి. విస్తీర్ణంలో పెద్ద రాష్ట్రం అనగానే మా తరానికి మధ్యప్రదేశ్ అనే వచ్చేస్తుంది, 2000లో ఛత్తీస్‌గఢ్ విడిపోయాక అది రాజస్థాన్. కేంద్రపాలిత ప్రాంతాలు జమ్ముకశ్మీర్, లడఖ్ చేరాక 9 అయ్యాయి, 2020 జనవరిలో డామన్ డయ్యూ, దాద్రా నగర్ హవేలీ కలిసిపోయాక 8. ప్రాచీన భాష హోదా తెలుగుకీ కన్నడానికీ 2008లో వచ్చిందని మనందరికీ తెలుసు, కానీ 2024 అక్టోబర్‌లో మరాఠీ, బెంగాలీ, అస్సామీ, పాళీ, ప్రాకృతం చేరి మొత్తం 11 అయ్యాయి. ఇలా మారిన విషయాలకి విడిగా ఒక పేజీ పెట్టుకుని రోజూ ఒకసారి చూడు. ప్రశ్నలో 'ప్రస్తుతం', 'మొదట', 'కానిది' అనే మాటలుంటే వేలు పెట్టి చదివినట్టు చదువు.

ఇక ఫాస్టెస్ట్ ఫింగర్, అంటే జవాబుని అందరికంటే ముందు నొక్కే పోటీ. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. అది గెలవకపోతే హాట్ సీటే లేదు, ఎంతోమంది ముంబయి దాకా వెళ్లి ఆ వరసలో కూర్చుని తిరిగొచ్చేస్తారు. వరసలో పెట్టమనే ప్రశ్నకు తేదీలన్నీ గుర్తుండక్కర్లేదు, ఏది ముందో ఏది వెనకో తెలిస్తే చాలు. ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్ మూడూ 2000 నవంబర్‌లోనే పుట్టాయి, 1న, 9న, 15న. ఈ మూడింటికీ తెలంగాణను కలిపి అడిగారనుకో, 2014 కాబట్టి తెలంగాణ చివర అని క్షణంలో తెలిసిపోతుంది, ఛత్తీస్‌గఢ్ మొదట అని గుర్తుంటే ఇక మధ్యలో రెండే మిగులుతాయి. చివరిదీ మొదటిదీ ముందు తేల్చుకో, మధ్యవాటితో తర్వాత కుస్తీ పట్టు. రాష్ట్రపతుల వరస, నదులు ఉత్తరం నుంచి దక్షిణానికి (నర్మద, తపతి, గోదావరి, కృష్ణ, కావేరి), గ్రహాల వరస, ఒలింపిక్స్ జరిగిన ఊర్లు, ఇలాంటివి కాగితం మీద చదవడం కాదురా, ఫోన్‌లో నాలుగు బటన్లు పెట్టుకుని టైమర్ పెట్టి నొక్కు. బుర్రకు తెలిసినా వేలు తడబడితే పోయినట్టే.

నువ్వు వెళ్తున్నది హిందీ షోకి, దాని గురించి నాకు కొంచెం దిగులుగా ఉంది. నీకు కష్టమైన ప్రశ్నలు చివర్లో వస్తాయనుకుంటున్నావేమో, మొదటి అయిదులోనే ఉంటాయి. వాళ్ల ఉద్దేశంలో అవి సులువు, ఎందుకంటే హిందీ ఇళ్లలో పెరిగిన పిల్లలకు వచ్చేవే అడుగుతారు. 'ఊంట్ కే ముహ్ మే' అని ఇచ్చి తర్వాత మాట ఏమిటంటారు, అక్కడ ఎనిమిదేళ్ల పిల్లాడు జీరా అనేస్తాడు (ఒంటె నోట్లో జీలకర్ర అని వాళ్ల సామెత), మన డిగ్రీవాడు నాలుగు ఆప్షన్లూ చూస్తూ కూర్చుంటాడు. సామెతలు, కబీర్ దోహాలు, పాత హిందీ పాటల పల్లవులు, వంటలు, పండగలు, చుట్టరికాల పేర్లు ఇవన్నీ చూసుకో. పక్క ఫ్లాట్‌లో రాజస్థానీ కుటుంబం ఉందన్నావుగా, సాయంత్రాలు వాళ్లింట్లో కూర్చుని కబుర్లు చెప్పించుకో, పుస్తకం కంటే అదే నయం. ప్రశ్న తెర మీద ఏ భాషలో కావాలో ముందే అక్కడివాళ్లని అడిగి తేల్చుకో. మాట్లాడేటప్పుడు హిందీ తడబడితే తడబడనీ, దానికి సిగ్గుపడకు.

లైఫ్‌లైన్లు సీజన్‌కి ఒక రకంగా మారుస్తుంటారు, ఈసారి ఏవి ఉన్నాయో చూసుకో. ఆడియన్స్ పోల్ ఉంటే మాత్రం దాన్ని పదో ప్రశ్న దాకా దాచకు. జనానికి బాగా తెలిసేవి సినిమాలు, పండగలు, తిండి, ఆటలు. అలాంటి ప్రశ్నలో చిక్కుకుంటే వెంటనే వాడేయ్. ఒక ఆప్షన్‌కి డెబ్భై శాతం పైన వస్తే నమ్ము, ముప్పై అయిదు, ముప్పై అని చీలిపోతే వాళ్లకీ తెలియదని. ఫిఫ్టీ ఫిఫ్టీ రెండు తప్పు ఆప్షన్లు తీసేస్తుంది, దాన్ని వాడేముందు ఒక్క మాట ఆలోచించుకో: నీకు ఇప్పటికే రెండింటి మధ్యే అనుమానం ఉంటే, అది తీసేసేవి నువ్వు ముందే తీసేసినవే కావచ్చు, లైఫ్‌లైన్ వృథా. ఏమీ తోచని ప్రశ్నకి అది ఎక్కువ సాయం.

ఫ్రెండ్‌కి ఫోన్ చేసే లైఫ్‌లైన్ ఉంటే, ఎవరి పేరివ్వాలో బాగా ఆలోచించు. బంధువుల్లో పెద్ద చదువున్నాయన పేరు ఇవ్వకపోతే నొచ్చుకుంటారని ఇచ్చేవాళ్లున్నారు. అలా చేయకు. తెలియకపోతే తెలియదని మొహమాటం లేకుండా చెప్పేవాళ్లు కావాలి నీకు. ముప్పై సెకన్లలో హలో, బాగున్నారా అంటూ ఆరేడు పోతాయి. కాబట్టి ఫోన్ ఎత్తగానే ప్రశ్న, వెంటనే ఆప్షన్లు, ఆ తర్వాత ఒకే ఒక్క మాట, 'ఎంత శాతం?' అని. ఎనభై అంటే ఒక లెక్క, యాభై అంటే ఇంకో లెక్క. ఆ ముగ్గురు నలుగురితో ఇంటి నుంచి స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రాక్టీస్ చేయి, నవ్వుకుంటారేమో, నవ్వుకోనీ.

డబ్బు లెక్క ఇప్పుడు. మెట్లు కూడా మారుతుంటాయి కానీ, హిందీలో చాలా సీజన్లలోనూ, 2021లో జూనియర్ ఎన్టీఆర్ చేసిన మన 'ఎవరు మీలో కోటీశ్వరులు' షోలోనూ ఉన్న లెక్కతో చెబుతా. అయిదు దాటితే 10,000 ఖాయం, పది దాటితే 3,20,000 ఖాయం. అంటే ఆరో ప్రశ్నా, పదకొండో ప్రశ్నా తప్పినా చేతిలోది పోదు, అక్కడ ఉన్న డబ్బు తీసుకుని ఆట మానుకోవడమనే మాటే రాకూడదు. పన్నెండో ప్రశ్న దగ్గర చేతిలో 6,40,000 ఉంటాయి, ఒప్పయితే 12,50,000, తప్పితే 3,20,000. పోయేది మూడు లక్షల ఇరవై వేలు, అదనంగా వచ్చేది ఆరు లక్షల పది వేలు. రెండింటి మధ్య అనుమానం ఉన్నా ఆడొచ్చు. అదే పద్నాలుగో ప్రశ్న దగ్గర 25 లక్షలుంటాయి, తప్పితే 21,80,000 పోతాయి, ఒప్పయితే ఇంకో 25 లక్షలొస్తాయి. కాగితం మీద అక్కడ కూడా సగం సగం అయితే ఆడమనే వస్తుంది. కానీ ఆ లెక్క అదే ఆట వందసార్లు ఆడేవాడికి, నువ్వు ఆడేది ఒకేసారి, పైగా ఆ డబ్బుతో అన్నయ్య ఇంటి లోను తీరిపోతుంది. నన్నడిగితే అక్కడ 'పక్కా' అయితేనే ఆడు. ఏ మెట్టు దగ్గర ఎంత నమ్మకం ఉంటే ఆడాలో బయల్దేరకముందే అన్నయ్య, వదినలతో కూర్చుని తేల్చుకుని కాగితం మీద రాసుకో. ఆ లైట్ల కింద, అమితాబ్ ఎదురుగా కూర్చుని ఆలోచిద్దాంలే అనుకుంటే బుర్ర పనిచేయదు.

మానుకున్నాక కూడా సరదాకి ఒక జవాబు చెప్పమంటారు. అది ఒప్పయితే గుండె జారిపోతుంది, చూసేవాళ్లు అయ్యో అంటారు. దాన్ని ఇంటికి మోసుకురాకు, అనుమానంతో ఆగడం తప్పు నిర్ణయం కాదు. అలాగే 'లాక్ కర్ దియా జాయే?' (లాక్ చేసేద్దామా?) అని అడిగే గొంతులో ఏదైనా సైగ ఉందేమోనని వెతక్కు. ఒప్పయినా అడుగుతారు, తప్పయినా అడుగుతారు.

గెలిచినదాంట్లో ముప్పై శాతం పన్ను ముందే పట్టుకునే ఇస్తారు, దానిమీద నాలుగు శాతం సెస్ రిటర్న్ వేసేటప్పుడు కట్టాలి, మొత్తం 31.2 శాతం. 3,20,000 గెలిస్తే అన్నీ పోగా మిగిలేది 2,20,160. 12,50,000 గెలిస్తే 8,60,000. 50 లక్షలు దాటితే సర్‌చార్జి కూడా పడుతుంది. నీ జీతం ఎంత తక్కువైనా ఈ పన్నులో మినహాయింపు లేదు. అందుకని గెలిచిన అంకె చూసి ఎవరికీ మాటివ్వకు, అకౌంట్లో పడేదాకా ఒక్క రూపాయి అప్పు చేయకు. బీహార్‌లోని మోతీహారీ కుర్రాడు సుశీల్ కుమార్ 2011లో 5 కోట్లు గెలిచాక ఎన్ని ఇబ్బందులు పడ్డాడో తర్వాత తానే రాశాడు, చదువు. ఇంకొకటి, ఇప్పటి నుంచి నీకు 'కేబీసీ లాటరీ, 25 లక్షలు' అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లూ కాల్సూ రావచ్చు. ఎవరు ఫీజనీ డిపాజిట్ అనీ డబ్బు అడిగినా అది మోసమే. ఓటీపీ చెప్పకు, పెట్టేయ్.

షో టీమ్‌వాళ్లు నీ కథ అడుగుతారు. ఇంట్లో కష్టాలు, నాన్న, అమ్మ, చదువు, అన్నీ. అడిగే పిల్లలు ఎంతో ఆప్యాయంగా ఉంటారు, మనసు కరిగి అన్నీ చెప్పేస్తాం. నువ్వు చెప్పింది దేశమంతా చూస్తుందన్న సంగతి గుర్తుపెట్టుకో. అన్నయ్య వ్యాపారం దెబ్బతిన్న సంగతి చెప్పాలనుకుంటే ముందు ఆయన్ని అడుగు. ఆయన వద్దంటే వద్దు, ఎంత మంచి ఎపిసోడ్ అవుతుందన్నా సరే. ఉన్నది పెంచి చెప్పకు, నీ చదువు, నీ ఉద్యోగం, ఊళ్లో నువ్వు పిల్లలకు చెప్పే లెక్కలు, అవే చాలు.

మిగిలినవి చిన్నవి. సన్న గీతల చొక్కాలూ, కంపెనీ బొమ్మలున్నవీ కెమెరాకి పడవు, ఒకే రంగువి నాలుగైదు పట్టుకెళ్లు. స్టూడియోలో ఏసీ చలికి వేళ్లు బిగుసుకుపోతాయి, ఒక శాలువా పెట్టుకో. పొద్దున రమ్మని సాయంత్రం దాకా కూర్చోబెట్టే రోజులుంటాయి, వేళకు తిను, నిద్రపో, చివరి రాత్రి కొత్తవేమీ చదవకు. తోడు ఎవరు రావాలన్న గొడవ ఇంట్లో నడుస్తోందని విన్నా. నా మాటగా చెప్పు, వదిన రావాలి. నువ్వు తప్పు చెప్పినా ఆవిడ ముఖం మారదు, అన్నయ్య అయితే సీట్లోంచి లేచిపోతాడు.

ఫోన్ ఫ్రెండ్స్‌గా ఎవరి పేర్లు అనుకుంటున్నావో నాకు ఆదివారంలోగా పంపు. మీ మావయ్య రోజూ రాత్రి తొమ్మిదింటికి నీకు ఫాస్టెస్ట్ ఫింగర్ ప్రశ్నలు అడుగుతానంటున్నారు, ఆ టైముకి ఫోన్ ఎత్తు.

మీ అత్త