మెడ తిరిగిన కోడిని దక్కించుకోవాలంటే

బిడ్డా,

నువ్వు పంపిన వీడియో చూశాను. తల ఒక పక్కకు మెలిపడి, ముక్కు పైకి తిరిగి, నడవబోతే వెనక్కి పోయి కూలబడుతోంది. నువ్వెంత టెన్షన్ పడుతున్నావో నీ గొంతులోనే తెలిసింది. పక్కింటామె "మెడ తిరిగిందంటే ఇంక దక్కదు, కోసుకోండి" అన్నదని చెప్పావు. తొందరపడకు. తెగులు వల్ల కాకుండా వేరే కారణంతో మెడ తిరిగిన కోళ్లు మళ్లీ మంచిగై తిరగడం ఈ ఊళ్లో నా కళ్లతో చూశాను. మెడ వంకర పోయినంత మాత్రాన కోడి చావదు. కానీ ఆ మెడతో పొడిస్తే ముక్కు గింజ మీద పడదు, నీళ్ల గిన్నె అందదు, పక్కకు ఒరిగితే మళ్లీ లేవలేదు. చంపేది ఆకలీ దాహమూ. అందుకని మందు ఎంత ముఖ్యమో, పూటపూటా చేత్తో తినిపించి తాగించడం అంతకంటే ముఖ్యం. ఇది ఒకటి రెండు రోజుల్లో తేలదు, వారాలు పడుతుంది. దానికి మనసు సిద్ధం చేసుకుని మిగతాది చదువు.

ముందు ఇది అంటురోగమా కాదా చూడాలి. మెడ తిరిగిందనగానే మన దగ్గర అందరి నోటా వచ్చే మాట కొక్కెర తెగులు. 1927లో మన దేశంలో రాణీఖేత్ దగ్గర బయటపడింది కాబట్టి డాక్టర్లు దాన్ని రాణీఖేత్ రోగం అంటారు. ఒక ఇంట్లో మొదలైతే వాడ వాడంతా కోళ్ల గూళ్లు ఖాళీ అవుతాయి. ఆ రోగం వస్తే ఒక్క కోడితో ఆగదు. కోళ్లు ముడుచుకుని కూర్చుంటాయి, నోరు తెరిచి ఎగపీలుస్తాయి, ఆకుపచ్చగా నీళ్లలాగా రెట్ట వేస్తాయి, రెక్కలు వేలాడేస్తాయి, గుడ్లు ఆగిపోతాయి. చాలావరకు చచ్చిపోతాయి, బతికిన వాటిలో కొన్నిటికి ఆ తర్వాత మెడ తిరుగుతుంది. నీ మిగతా రెండు కోళ్లు హుషారుగా ఉన్నాయా, రెట్ట మామూలుగా ఉందా, ఈ మధ్య అంగడి నుంచి కొత్త కోడి ఏదైనా తెచ్చారా? ఇవి ఇవ్వాళే చూడు. తెగులు కాదని తేలేదాకా దీన్ని మిగతావాటి నుంచి వేరే గదిలో పెట్టు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కో, ఆ చేతులు కళ్లకు తగలనీయకు. ఆ వైరస్ మనుషులకు కూడా కళ్లు ఎర్రబడేలా చేస్తుంది. కోళ్లు ఒక్కసారిగా గుంపుగా చచ్చిపోతుంటే మాత్రం ఇంటి వైద్యం ఆపేసి, చచ్చినవాటిని ఉత్త చేతులతో ముట్టకుండా, వెంటనే పశువుల డాక్టర్‌కు చెప్పాలి.

నువ్వుండేది హనుమకొండ కాబట్టి మామునూరు పశువైద్య కళాశాల దూరమేమీ కాదు. అక్కడ అడుగు, లేదా మీకు దగ్గర్లో ఉన్న పశువుల దవాఖానకు తీసుకుపో. 1962 నంబర్‌కు ఫోన్ చేస్తే కూడా ఎక్కడికి పోవాలో చెబుతారు. ఉత్త చేతులతో పోకు. దాని తాజా రెట్ట ఒక చిన్న డబ్బాలో వేసుకో, అది తినే దాణా గుప్పెడు తీసుకో, వీడియో చూపించు. అక్కడికి పోయాక కోడి భయంతో బిగుసుకుని ఇంట్లో ఉన్నట్టు ఉండకపోవచ్చు.

నాకైతే దీని తిండి మీదే ఎక్కువ అనుమానం. మీరు దాన్ని మేడ మీద పెంచుతున్నారు. మట్టి లేదు, పురుగు లేదు, పచ్చగడ్డి లేదు. మిగిలిన తెల్లన్నం, నూకలు, ఎప్పుడో కొన్న దాణా, అంతే కదా. బడిలో పిల్లలకు విటమిన్ల పాఠం చెప్పిన ప్రతిసారీ నేను జావా కోళ్ల సంగతి చెప్పేదాన్ని. 1890లలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ డాక్టర్ అక్కడ మనుషులకొచ్చే బెరిబెరి గురించి పరిశోధన చేస్తుంటే, పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడ్డాయి. తవుడు పోని బియ్యం పెడితే మళ్లీ కోలుకున్నాయి. ఆ తవుడులో ఉన్నదే బి1 విటమిన్ అని తర్వాత తేలింది, 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. బి1 తగ్గితే కోడి తల వెనక్కి వాలిపోయి ఆకాశం చూస్తున్నట్టు కూర్చుంటుంది. ధాన్యం పండే మన జిల్లాలో మిల్లుల్లో తవుడు గుట్టలుగా ఉంటుంది, మన కోళ్లు మాత్రం తెల్లన్నం తింటాయి.

అట్లా అని పాత తవుడు తెచ్చి పెట్టకు. తవుడులో నూనె ఉంటుంది. మన ఎండలకు అది కొన్ని రోజుల్లోనే ముక్కిపోయి కనురు వాసన వస్తుంది. చెడిపోయిన నూనె దాణాలో ఉన్న ఇ విటమిన్‌ను పాడుచేస్తుంది. ఇ విటమిన్ లేకపోతే చిన్న మెదడు దెబ్బతిని, కోడి తూలుతుంది, మెడ మెలిపడుతుంది. కోడిపిల్లల్లో ఇది మరీ ఎక్కువ. కొన్న దాణా అయినా బస్తా విప్పి నెలలు పెట్టుకుంటే ఇదే కథ. ఆ బస్తాలో చెయ్యి పెట్టి వాసన చూడు. చెడు వాసన వస్తే ఆలోచించకుండా పారెయ్. తవుడు ఎప్పుడైనా మిల్లులో అప్పుడే పట్టింది కొంచెం కొంచెంగా తెచ్చుకోవాలి.

నీది సిల్కీ జాతి కోడి, ఆ సంగతి కూడా తెలుసుకో. నెత్తి మీద ఆ బుట్ట జుట్టు ఉంది చూశావా, దాని కింద చాలా సిల్కీలకు పుర్రె పైకి ఉబ్బి, మధ్యలో ఎముక పూర్తిగా మూసుకోకుండా ఉంటుంది. నాటుకోడి పట్టించుకోని చిన్న పోటు కూడా దీనికి మెదడు మీద దెబ్బ అవుతుంది. కాబట్టి జుట్టు ఈకలు పక్కకు తీసి గాయం ఉందేమో మెల్లగా చూడు, నొక్కకు. కంటి వెనక ఈకల కింద చెవి రంధ్రం ఉంటుంది, అందులో చీము, గడ్డలాంటిది ఉంటే డాక్టర్‌కు చూపించు. చెవి లోపల చెడినా తల ఒక పక్కకు వాలుతుంది.

మెడ మెలిపడకుండా తాడులా మెత్తగా నేల మీద వాలిపోతే అది వేరే. కుళ్లిన మాంసమో, దాంట్లో పురుగులో తింటే వచ్చే విషం అట్లా చేస్తుంది, వెంటనే దవాఖానకు పోవాలి. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాపి పడి ఉంటే మారెక్స్ రోగం కావచ్చు. దానికి టీకా పిల్ల పుట్టిన రోజే వేయాలి, తర్వాత మందు లేదు. వానాకాలం మొదట్లో మన పత్తి, మక్క చేల దగ్గర మందు పట్టించిన రంగు విత్తనాలు పడి ఉంటాయి, వాటిని తిన్న కోడి వణుకుతుంది, నోట చొంగ కారుతుంది. మీ మేడ మీదికి అవి వచ్చే అవకాశం తక్కువే, అయినా కుండీల్లో ఏదైనా పురుగుమందు చల్లారేమో ఇంట్లో అడుగు. ఇంకొకటి. పోయిన నెల రక్తపు రెట్ట పడిందని ఆంప్రోలియం పొడి నీళ్లలో కలిపి పెట్టానన్నావు. ఆ మందు పనిచేసేదే పేగుల్లోని రోగ క్రిమికి బి1 అందకుండా అడ్డుకుని. ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదు పోతే కోడికే బి1 తక్కువవుతుంది. ఎన్ని రోజులు పెట్టావో డాక్టర్‌కు తప్పకుండా చెప్పు.

ఇక మందులు. మెడికల్ షాపులో ఎవియాన్ 400 అనే పచ్చటి గుళికలు దొరుకుతాయి, అవి ఇ విటమిన్. కోళ్లు పెంచేవాళ్లు మెడ తిరిగినదానికి మామూలుగా రోజుకొకటి వాడతారు. డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టు. సూదితో పొడిచి లోపలి నూనెను ఉడికిన గుడ్డు సొనలో కలిపి పెట్టు, కొవ్వుతో పాటు పోతేనే అది ఒంటికి పడుతుంది. దానికి తోడుగా సెలీనియం అనే ఖనిజం కొంచెం కావాలి, గుడ్డులో అది ఉంటుంది, పొద్దుతిరుగుడు గింజల్లోనూ ఉంటుంది. సెలీనియం మాత్రలు మాత్రం సొంతంగా కొని వేయకు. దానికి ఎంత కావాలో, విషమయ్యేది ఎంతో, ఆ రెంటికీ తేడా చాలా తక్కువ. బి కాంప్లెక్స్ చుక్కలు కూడా అడుగు. నిజంగా బి1 లోపమే అయితే సూది పడ్డాక ఒకటి రెండు రోజుల్లోనే మార్పు కనబడుతుంది. ఇ విటమిన్ లోపానికి వారాలు పడుతుంది, మెదడు బాగా దెబ్బతిని ఉంటే పూర్తిగా రాకపోవచ్చు కూడా.

తినిపించడం గురించి నేను చెప్పేది జాగ్రత్తగా విను, అన్నిటికంటే ఇదే ముఖ్యం. కోడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని రెక్కలు ఒంటికి ఆనేలా తువ్వాలు చుట్టు. ఎడమ అరచెయ్యి తల కింద, దవడ కింద ఆనించి, అది ఎంతవరకు రానిస్తే అంతవరకే తలను నేరుగా తీసుకురా. బలవంతంగా తిప్పకు. చాలా కోళ్లు తలకు ఆ చిన్న ఆసరా దొరకగానే వాటంతట అవే పొడుచుకు తింటాయి. అప్పుడు గిన్నెను నువ్వు ముక్కు దగ్గరికి తీసుకురావాలి, కోడి గిన్నె దగ్గరికి పోలేదు. దాణాను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గుడ్డు సొన కలిపి, వేళ్లతో చిన్న ఉండ చేస్తే నిలిచేంత గట్టిగా పెట్టు. మరీ పలుచగా ఉంటే ముక్కులోకి పోతుంది.

నీళ్లు నోట్లో పోయకు బిడ్డా. కోడి నాలుక వెనకే ఊపిరి గొట్టం మూతి తెరుచుకుని ఉంటుంది. పైకి తిరిగిన నోట్లో చెంచాడు నీళ్లు పోస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, మెడ రోగంతో పోని కోడి ఆ నీళ్లతో పోతుంది. డ్రాపర్‌తో ముక్కు పక్క అంచు మీద ఒక చుక్క పెట్టి, అది చప్పరించి మింగేదాకా ఆగి, ఇంకో చుక్క పెట్టు. రోజుకు నాలుగైదు సార్లు, కొంచెం కొంచెం. మీ ఆఫీసు వేళల్లో ఎవరు చూస్తారో ఇవ్వాళే మాట్లాడుకోండి, మధ్యాహ్నం పూట తప్పిపోతేనే కోళ్లు నీరసిస్తాయి. ఛాతీ పైన కుడి పక్కన తిండి నిలిచే సంచి ఉంటుంది, రాత్రి తినిపించాక నిండుగా, పొద్దున లేచేసరికి ఖాళీగా తగలాలి. పొద్దున కూడా గట్టిగా నిండి ఉంటే ఇంకా పెట్టకు, డాక్టర్‌కు చెప్పు. వారానికోసారి తూకం వెయ్యి. ఈకల మీద చూసి కోడి బక్కచిక్కిందో లేదో తెలియదు.

పడుకోవడానికి ఒక అట్టపెట్టె చాలు. ఎక్కువ జాగా ఉంటే దొర్లి దొర్లి ఇంకా మెలిపడుతుంది. పాత చీరను నీళ్ల బిందె కింది చుట్టకుదురులా చుట్టి మధ్యలో కూర్చోబెట్టు, ఒరగకుండా నిలుస్తుంది. వెలుతురు తక్కువగా, చప్పుడు లేకుండా ఉండాలి. బెదిరినప్పుడల్లా మెడ ఇంకా తిరగడం నువ్వే గమనిస్తావు. తెగులు కాదని తేలాక, జాలీ అవతల దాని జతకోడిని ఉంచు, ఒకదాన్నొకటి చూసుకుంటే తిండి మీద మనసు పోతుంది. కలిపి మాత్రం వదలకు, బలహీనంగా ఉన్నదాన్ని పొడుస్తాయి. కింద గుడ్డ రోజూ మార్చు, రెట్ట అంటిన ఈకలు తడిగుడ్డతో తుడువు, లేకపోతే ఈగలు వాలి పురుగు పడుతుంది. మే నెలలో 43, 44 డిగ్రీలు కొట్టే ఊరు మనది, మేడ మీది రేకుల కింద దాన్ని ఉంచితే ఏ మందూ పనిచేయదు. కింది గదిలోకి తెచ్చి, కిటికీకి తడి గోనెసంచి కట్టు. కూలర్ గాలి సూటిగా తగలనీయకు.

ఎవరో ఒకరు వచ్చి వాత పెడదామంటారు, కల్లు పోద్దామంటారు, మెడ పట్టి వెనక్కి తిప్పితే సరవుతుందంటారు. దిష్టి తీస్తామంటే తీయనీ, దానివల్ల కోడికి నష్టమేమీ లేదు. మిగతా మూడూ చేయనీయకు, ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే.

కొన్ని రోజులు బాగుండి ఒక పూట మళ్లీ మెలిపడితే భయపడకు, ఇది అట్లాగే ఎక్కుతూ దిగుతూ తగ్గుతుంది. తల నేరుగా వచ్చాక కూడా ఇంకో రెండు వారాలు విటమిన్లు ఆపొద్దు, తర్వాత మెల్లగా తగ్గించు. మందులు వాడుతున్నన్నాళ్లు దాని గుడ్లు తినొచ్చా అంటే, విటమిన్లతో ఇబ్బంది లేదు, డాక్టర్ యాంటీబయాటిక్ ఏదైనా ఇస్తే ఎన్నాళ్లు ఆగాలో ఆయన్నే అడుగు. వారాల తర్వాత కూడా మింగలేక, రొమ్ము ఎముక కత్తిలా తేలి, పిలిస్తే కన్ను కూడా తెరవకపోతే, దాన్ని బాధ లేకుండా సాగనంపే సంగతి డాక్టర్‌తో మాట్లాడు. అది దానికి ద్రోహం చేయడం కాదు.

మిగతా రెండింటికీ కొక్కెర తెగులు టీకా పడిందో లేదో కనుక్కో. కోడిపిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క వేస్తారు, మళ్లీ నాలుగో వారంలో ఇంకోసారి. 6 నుంచి 8 వారాల మధ్య రెక్క కింద ఆర్2బి సూది. టీకా మందు ఐస్‌లో తేవాలి, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. వేడెక్కితే నీళ్లతో సమానం. మేడారం జాతర ముందు ఊరూరా కోళ్లు చేతులు మారతాయి, ఆ రోజుల్లో కొత్త కోడిని తేవద్దు, తెచ్చినా మూడు వారాలు వేరుగా ఉంచు.

శనివారం మీ బాబాయి హనుమకొండ వస్తున్నాడు. కొత్త తవుడు, కొంచెం సజ్జలు పంపిస్తాను. డాక్టర్ ఏమన్నాడో, పొద్దున తిండి సంచి ఖాళీ అయిందో లేదో రేపు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ
నర్సంపేట