సౌజన్యకు, తిరుగు ప్రయాణం గురించి

చిరంజీవి సౌభాగ్యవతి సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే ఎండాకాలం సెలవుల్లో మీరు ఆఫ్రికాకు సఫారీకి వెళ్లాలనుకుంటున్నారని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. విన్న వెంటనే సంతోషం కలిగింది, రాత్రికి నిద్ర పట్టలేదు. కెన్యాలోని నైరోబీలో పదకొండేళ్లు ఒక దిగుమతి సంస్థలో ఖాతాలు రాసిన వాణ్ణి నేను. మన ఇంట్లో మళ్లీ ఆ దారి పట్టేది నువ్వే కావడం నాకు గర్వమే. అయితే మీ నాన్న పంపిన మీ ప్రణాళిక చూశాక కలం పట్టక తప్పలేదు. పదకొండు రోజుల్లో కెన్యాలో మసాయి మారా, టాంజానియాలో సెరెంగెటి, ఉగాండాలో గొరిల్లాలు, విక్టోరియా జలపాతం! అమ్మాయీ, ఇవి నాలుగు ఊళ్లు కావు, నాలుగైదు దేశాలు. పటంలో జానెడు దూరం కనబడేది నేల మీద ఒక పగలంతా మింగేస్తుంది.

ముందు తేలికగా తేలిపోయే వాటిని తీసేద్దాం. గొరిల్లాలను చూడడానికి పదిహేనేళ్లు నిండని పిల్లలను రానివ్వరు, మన మనవడికి ఏడేళ్లు, కాబట్టి ఆ మాట ఇక్కడితో సరి. పెద్దవాళ్లకైనా ఒక్క గంట దర్శనానికి ఉగాండాలో మనిషికి 800 డాలర్లు, రువాండాలో 1500. బోట్స్వానాలోని ఒకవాంగో అద్భుతమైన చోటే, కాని అక్కడి ప్రభుత్వం కొద్దిమందినే, ఎక్కువ ధరకు రానిచ్చే పద్ధతి పెట్టుకుంది. దాన్ని మీ వెండి పెళ్లిరోజుకు దాచుకో. కెన్యా, ఉగాండా, రువాండాలకు కలిపి 100 డాలర్లకు ఇచ్చే తూర్పు ఆఫ్రికా పర్యాటక వీసాలో టాంజానియా లేదు, ఉందనుకుని చాలామంది పొరబడతారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్పాలి. మీ ప్రణాళికలో విమానాలు, హోటళ్లు, కెమెరా అద్దె అన్నీ ఉన్నాయి, పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా మాట లేదు. అదెందుకు అంత పెద్ద విషయమో నీకు తెలియదు, ఎందుకంటే ఆ కథ జరిగినప్పుడు నీకు మూడు వారాల వయసు.

1992లో మీ తాతయ్యను నైరోబీకి పిలిపించాను. నలభై ఏళ్లు తపాలా శాఖలో పని చేసి పోస్టుమాస్టరుగా దిగిపోయిన మనిషి, విమానం ఎక్కడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయనకు ఏనుగులను చూడాలని ఉండేది. గుడి ఏనుగును కాదు, ఎవరి మాటా వినని ఏనుగును చూడాలనేవారు. నేను లెక్కల మనిషిని కనుక వాహనం బాడుగ, పెట్రోలు, ప్రవేశ రుసుము కాగితం మీద వేసుకుని, బండి ఎలాగూ తీసుకున్నాం కాబట్టి ఎన్ని పార్కులు ఎక్కువ చూపిస్తే అంత గిట్టుబాటు అని తేల్చాను. అంబోసెలీ పార్కులో కిలిమంజారో కొండ కింద ఒక ఏనుగుల మంద చిత్తడిలో దిగి గడ్డి పీకి తింటుంటే ఆయన పిల్లవాడిలా కిటికీకి అతుక్కుపోయారు. నేను గడియారం చూసుకుంటూ, “నాన్నా, చీకటి పడేలోపు గేటు దాటాలి” అని బండి కదిలించాను. ఆయన ఏమీ అనలేదు.

నువ్వు అనుకున్న తేదీకన్నా రెండు వారాలు ముందే పుట్టావన్న కబురు అప్పుడే వచ్చింది. ఇరవై ఒకటో రోజున బారసాల. తాతయ్య టికెట్టు ప్రకారం ఆయన బారసాలకు తొమ్మిది రోజుల ముందే బొంబాయిలో దిగాలి. నేను ఆ టికెట్టును నాలుగు రోజులు వెనక్కి జరిపించాను. సావో చూపించాలని నా పట్టుదల; 1898లో అక్కడి నది మీద రైలు వంతెన కడుతున్నప్పుడు సింహాలు మన దేశం నుంచి వెళ్లిన కూలీలను ఎత్తుకుపోయిన చోటు అది. ఇంకా అయిదు రోజులు చేతిలో ఉంటాయిగా, బొంబాయి నుంచి రాజమండ్రికి రైలులో ఒకటిన్నర రోజు, చాలినంత సమయం అని లెక్క చెప్పాను. ఆ లెక్కలో తప్పు లేదు. కాని లెక్కలోకే రాని విషయం ఒకటి ఉంది. ఇండియా నుంచి వచ్చేవారిని కెన్యా పచ్చజ్వరం పత్రం అడగదని కనుక్కుని, అయితే టీకా అక్కర్లేదని నేనే ఆయనకు ఉత్తరం రాశాను. కెన్యా అడగదు, నిజమే. కెన్యా నుంచి తిరిగి వచ్చేవారిని ఇండియా అడుగుతుంది. వెళ్లే దేశం నియమాలు చదివాను, తిరిగి వచ్చే దేశం నాదే కదా అని చదవలేదు.

బొంబాయిలో ఆయనను దించి, ఆరు రోజులు విడిగా ఉంచారు. వాళ్ల తప్పేమీ లేదు. పచ్చజ్వరాన్ని మోసే దోమ మన దేశంలో వీధి వీధినా ఉంది, జబ్బు మాత్రం ఇంతవరకు లేదు, అందుకే అంత కట్టుదిట్టం. రాజమండ్రిలో నీ పేరు పళ్లెంలో బియ్యం మీద రాసే వేళకు, ఆ పేరు ఎంచిన మనిషి మంచం పక్కన సంచి పెట్టుకుని రోజులు లెక్కపెడుతున్నాడు. నేను టికెట్టు జరపకపోయినా ఆయన అందుకునేవారు, టీకా వేయించినా అందుకునేవారు. రెండూ నా చేతులతోనే చేశాను. మీ నాన్న ఆఫీసుకు ఫోను చేసి సంగతి చెప్పాడే కాని ఒక్క మాట తూలలేదు, అది ఇంకా కష్టంగా ఉండేది. తాతయ్య మాత్రం తర్వాత నవ్వుతూ, “అక్నాలెడ్జిమెంటు కార్డు తిరిగి రాని రిజిస్టరు ఉత్తరంలా అయింది రా నా పని” అన్నారు. నీ అలమరలో తొండం విరిగిన రాతి ఏనుగు ఉందే, అది ఆ ఆరు రోజులూ ఆయన సంచిలో ఉన్న కిసీ రాయి బొమ్మ.

కాబట్టి తల్లీ, తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ రా. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ టీకా వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో ముందు కనుక్కుని వెళ్లు. వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పసుపుపచ్చ పత్రం చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే ఇప్పుడు జీవితాంతం చెల్లుబాటు. మా రోజుల్లో పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది. కెన్యా నుంచి టాంజానియాలోకి దాటితే అక్కడా ఆ పత్రం చూపమంటారు.

నాకు అసలు భయం మీ అత్తగారి గురించి. ఆవిడకు అరవై ఆరేళ్లు. అరవై దాటినవారికి ఈ టీకా మొదటిసారి వేయడానికి వైద్యులు ఆలోచిస్తారు, గుడ్డు పడని వారికీ అంతే. విమానం టికెట్లు కొనక ముందే ఆవిడను వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లు. వద్దు అంటే ఆవిడను ఇంట్లో వదిలి వెళ్లకు, దేశం మార్చు. దక్షిణాఫ్రికా పచ్చజ్వరం దేశం కాదు. జొహానెస్‌బర్గ్‌కు రెండు మూడు గంటల దూరంలో పిలానెస్‌బర్గ్ ఉంది, అక్కడ మలేరియా కూడా లేదు, సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి గేదె అయిదూ ఉన్నాయి. క్రూగర్‌కు వెళితే మలేరియా మాత్రలు వేసుకోవాలి, కాని అక్కడ తారు రోడ్ల మీద అల్లుడుగారే కారు నడుపుకోవచ్చు. మనలాగే ఎడమ వైపు నడపాలి. ప్రభుత్వ విడిదుల్లో వంటగదులు ఉంటాయి. బండి, డ్రైవరు ఖర్చు తగ్గుతుంది కాబట్టి కెన్యాకన్నా చేతిలో డబ్బు మిగులుతుంది. ఒక్కటే చూసుకో: టికెట్టు చౌకగా వస్తోందని నైరోబీ, అడిస్ అబాబాల మీదుగా వెళ్లి అక్కడ గంటల తరబడి ఆగితే పసుపు పత్రం గొడవ మళ్లీ మొదటికి వస్తుంది. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వెళ్లండి.

వైద్యుడు సరే అంటే నా ఓటు కెన్యాకే, ఒక్క కెన్యాకే. మన ఎండాకాలం సెలవులు వాళ్ల పెద్ద వానలతో కలుస్తాయి. మార్చి నుంచి మే దాకా వానలు, మారాలో నేల మన గుంటూరు నల్లరేగడి లాంటిదే, బండి దిగబడితే ఇక కదలదు. అందుకని ఏప్రిల్, మే నెలల్లో చూపే సగం ధరలకు ఆశపడకు. బడి తెరిచేది జూన్ పన్నెండున కనుక జూన్ మొదటి పది రోజులు మీకు సరిపోతాయి. వానలు వెనకబట్టి ఉంటాయి, గడ్డి కాస్త ఎత్తుగా ఉంటుంది, ధర ఇంకా పెరగదు. ఎంత తేడానో చూడు. 2024 నుంచి మసాయి మారాలో విదేశీ పెద్దవాళ్లకు రోజుకు జనవరి నుంచి జూన్ వరకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు వరకు 200. టికెట్టు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే చెల్లుతుంది. మీ ముగ్గురు పెద్దవాళ్లకు నాలుగు రోజులంటే జూన్‌లో 1200 డాలర్లు, జూలైలో 2400. గది, తిండి, బండి దీనికి అదనం.

లక్షల విల్డెబీస్ట్‌లు (జింక జాతి జంతువులు) మారా నది దాటే దృశ్యం జూన్‌లో దొరకదని మనవడు అలుగుతాడేమో. ఆ మందలు సాధారణంగా జూలై నుంచి అక్టోబరు మధ్య అక్కడికి చేరతాయి, జూన్ మొదట్లో ఇంకా టాంజానియాలోనే ఉంటాయి. దసరా సెలవుల్లో వెళితే ఆఖరి మందలు కనబడవచ్చు, కాని రుసుము రెట్టింపు, పైగా నది ఒడ్డున బళ్లు మన తిరునాళ్లలో లాగా నిలబడతాయి. అవి ఎప్పుడు దూకుతాయో వాటికే తెలియదు. సింహాలు, జిరాఫీలు, ఏనుగులు మాత్రం మారాలో ఏడాది పొడుగునా ఉంటాయి, ఏడేళ్ల పిల్లవాడికి అవి చాలు.

టాంజానియా మీద మనసు లాగుతోందని నాకు తెలుసు. న్గోరోంగోరో బిలం చూడదగ్గదే. ఆరువందల మీటర్ల లోతున, 260 చదరపు కిలోమీటర్ల గిన్నె అడుగున అడవంతా ఉంటుంది. కాని మనుషుల రుసుము కాక, కిందికి దిగే ఒక్కో వాహనానికి ఒక్కసారికి 250 డాలర్లు, దాని మీద పన్ను కట్టాలి. దానితో పాటు సరిహద్దు, విడిగా వీసా, ఇంకో రెండు రోజుల రోడ్డు. అది మరోసారికి ఉంచు.

మారాలో నాలుగు రాత్రులు, అంబోసెలీలో రెండు, నైరోబీలో ముందొకటి, వెనక రెండు. వెనక రెండు ఎందుకని అడగకు. నైరోబీ నుంచి మారాకు రోడ్డు మీద అయిదారు గంటలు, అత్తగారి నడుము కోసం విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో వెళితే గంటలోపే. ఆ విమానాల్లో మనిషికి పదిహేను కిలోలే, అదీ మెత్తటి సంచుల్లోనే, చక్రాల సూట్‌కేసులు వద్దంటారు. మారా నుంచి అంబోసెలీకి రోడ్డున వెళ్లాలంటే నైరోబీ దాకా వెనక్కి వచ్చి మళ్లీ సాగాలి, ఒక పగలంతా అదే పని.

ధర అడిగేటప్పుడు మొత్తం ఎంత అని అడగకు. పార్కు రుసుము ఎన్ని రోజులకు, ఎంతమందికి కట్టారు, బండి మీ ఒక్కరికేనా, పైకప్పు తెరుచుకునేదేనా, మూడు పూటలా భోజనం ఉందా, పన్ను కలిపారా అన్నవి కాగితం మీద రాయించుకో. డ్రైవరుకు బండికి రోజుకు పది నుంచి ఇరవై డాలర్లు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ, అది ఏ ధరలోనూ ఉండదు. ఇక్కడి సంస్థ ద్వారా ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని ముందే పన్ను పట్టుకుంటారు, పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కాని అప్పటిదాకా ఆ సొమ్ము మీ చేతిలో ఉండదు. డాలరు నోట్లు కొత్తవి, మడత పడనివి తీసుకో, పాత నోట్లను అక్కడ వెనక్కి తోసేస్తారు. మొత్తంలో పదో వంతు దేనికీ పేరు పెట్టకుండా పక్కన ఉంచు. మా లెక్కల పుస్తకంలో దాన్ని “ఇతరములు” అనేవాళ్లం, చివరికి అదే ఎక్కువ అయ్యేది.

బీమా తప్పదు. స్వాహిలీలో కూడా దాన్ని బీమా అనే అంటారు, మన వర్తకులు పట్టుకెళ్లిన మాటే. అడవిలో జబ్బు చేస్తే విమానంలో నైరోబీ ఆసుపత్రికి చేర్చే ఖర్చు అందులో ఉందో లేదో చదువు. ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ వారు సందర్శకులకు విడిగా కూడా ఆ సదుపాయం ఇస్తారు. 1957 నుంచి ఆ పని చేస్తున్నవారు.

మీ పెద్దమ్మ పక్కన కూర్చుని, “పిల్లను భయపెట్టకండి, పొడులు పంపుతానని రాయండి” అంటోంది. పంపుతుంది. కాని కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, కాబట్టి కందిపొడి స్టీలు డబ్బాలో, మిగతావి గుడ్డ సంచుల్లో సర్దుకో. అక్కడ శాకాహారానికి ఇబ్బంది ఉండదు. చపాతీ, సమోసా, చాయ్ వాళ్ల భాషలోనూ మాటలే. విడిదికి ముందుగా చెప్పు, అంతే.

తాతయ్య ఆ రోజు మెడలో వేసుకున్న దుర్భిణిని కొరియరులో పంపుతున్నాను. కుడి కంటి వైపు చక్రం కొంచెం వదులుగా ఉంటుంది, వేలితో పట్టుకుని చూడాలి. అంబోసెలీలో చిత్తడి పక్కన బండి ఆపించి, అత్తగారు చాలు అనేదాకా కదలనివ్వకు. వైద్యుడు ఏమన్నాడో ఆదివారంలోగా చెప్పు. టీకా వేయించుకున్న రోజునే నలుగురి పసుపు పత్రాలకూ ఫోటోలు తీసి నాకు పంపు, తేదీ, ముద్ర కనబడేలా.

ఆశీస్సులతో,
పెదనాన్న