పక్క దేశం మాట్లాడటానికే రానంటే?

ప్రశ్న: నాలుగైదు దేశాల మధ్య ఉన్న సముద్రంలోకి ఒక దేశం వ్యర్థాలు వదులుతోంది. మిగతావాళ్లతో కూర్చుని మాట్లాడటానికి కూడా రావడం లేదు. కలిసి పనిచేయమని దాన్ని చట్టప్రకారం బలవంతపెట్టవచ్చా?

జవాబు: ఒప్పందం కుదుర్చుకు తీరాలని ఎవరూ బలవంతపెట్టలేరు. కానీ అసలు మాట్లాడనే మాట్లాడనంటే మాత్రం నిలదీయొచ్చు.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 122, 123 ఆర్టికల్స్ ఉన్నది ఇలాంటి సముద్రాల కోసమే. 123ని ఒక్కో మాటా ఆగి చదవాలి. తీర దేశాలు పరస్పరం సహకరించుకోవాలి అనే చోట 'షల్' (తప్పక చేయాలి) అనలేదు, 'షుడ్' (చేయడం మంచిది) అన్నారు. మా వృత్తిలో ఈ రెండు మాటలకీ చాలా దూరం. చేపల వనరులు, పర్యావరణం, పరిశోధన విషయాల్లో సమన్వయానికి ప్రయత్నించాలి అనే దగ్గర మాత్రం 'షల్' ఉంది. అంటే ప్రయత్నం తప్పనిసరి, ఫలితం కాదు. అంతమాత్రాన నిరుత్సాహపడకండి. పక్క దేశానికి కాలుష్య నష్టం జరగకుండా అవసరమైన చర్యలన్నీ తీసుకోవాలని 194 చెబుతోంది. 197లో సహకారానికి కూడా 'షల్' అనే వాడారు.

ఇది కాగితం మీది మాట కాదు. బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్‌లో ఉన్న అణు ఇంధన ప్లాంటు వల్ల ఐరిష్ సముద్రం కలుషితమవుతుందని 2001లో ఐర్లాండ్, బ్రిటన్ మీద హాంబర్గ్‌లోని సముద్ర చట్ట ట్రిబ్యునల్‌కి వెళ్లింది. ప్లాంటును ఆపడానికి ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. అయితే రెండు దేశాలూ వెంటనే సంప్రదింపులు జరపాలని, సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలని డిసెంబర్ 3న ఆదేశించింది. సహకరించడం మౌలిక సూత్రమని కూడా తేల్చిచెప్పింది. ఐర్లాండ్‌కి దక్కింది ఏమీ లేదనే వాదనను నేను ఒప్పుకోను. అవతలివాళ్ల దగ్గరున్న లెక్కలు చేతికి రాకుండా నష్టాన్ని ఎలా రుజువు చేస్తాం?

మనసుంటే ఎంత వైరంలోనైనా దారి దొరుకుతుంది. 1974లో, ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే, సోవియట్ యూనియన్, రెండు జర్మనీలతో సహా ఏడు బాల్టిక్ తీర దేశాలు బాల్టిక్ సముద్ర పర్యావరణాన్ని కాపాడే ఒప్పందం మీద హెల్సింకిలో కలిసి సంతకాలు చేశాయి. ఆ సముద్రంలో నీరు పూర్తిగా మారడానికి దశాబ్దాలు పడుతుంది. పడిన విషం అంత త్వరగా బయటికి పోదు. అందుకే ఎవరికి వారు చేసేది చాలదు.

ఇక మీ విషయం. ఇలాంటి కేసు మీరుగానీ మత్స్యకారుల సంఘంగానీ నేరుగా వేయలేరు, ప్రభుత్వమే వేయాలి. రెండు దేశాలూ 1982 ఒప్పందంలో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. కేసుకి ముందు ఆలస్యం చేయకుండా అభిప్రాయాలు ఇచ్చిపుచ్చుకోవాలని 283 అడుగుతుంది. కాబట్టి మీ ప్రభుత్వం రాసిన ప్రతి లేఖకూ తేదీ ఉండాలి, జవాబు రాకపోతే ఆ సంగతీ రికార్డులోకి ఎక్కాలి.