బందరు కొట్టు గురించి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మీ తాతయ్య కొట్టు మళ్లీ తెరిచి పెడన కలంకారీ బట్టలు అమ్మాలనుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషంతో కొంత, భయంతో కొంత, ఆ రాత్రి నిద్ర పట్టలేదు తల్లీ. మేమిద్దరం తాళం వేసి వచ్చేసిన కొట్టుని నువ్వు తెరుస్తానంటున్నావు.

లైసెన్సు నీ పేరున తీసుకో. పాత వైర్లన్నీ పీకించు.

ఇక గోడలు. బందరులో ఆంధ్రా బ్యాంకు మొదలైన 1923 ప్రాంతంలో కట్టిన కొట్టు అది. గానుగ సున్నంతో లేపిన 18 అంగుళాల గోడలు, పైన టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నం పోసిన మద్రాసు మిద్దె. బందరు గాలిలో ఉప్పు, నేలలో తడి. ఆ చెమ్మ గోడలోకి ఎక్కినా సున్నం పూతలోంచి మెల్లగా ఆరిపోతుంది. ఈ సంగతి 1988లో నాకు తెలియదు. పెచ్చులూడుతున్నాయని, దీపావళి బేరాలకి కొట్టు మెరవాలని సిమెంటు పూయించాను. "సున్నం గోడకి సున్నమేరా" అన్నారు మీ తాతయ్య. చాదస్తం అనుకున్నాను. వారంలో గోడ అద్దంలా తయారైంది. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు.

రెండో వానాకాలానికి నడుమెత్తున సిమెంటు ఉబ్బింది. వేలితో కొడితే డొల్ల చప్పుడు. ఆరే దారి లేక చెమ్మ మిద్దె దాకా పాకింది. చీరల బీరువా పైన, దూలం గోడలోకి దిగిన చోట స్క్రూడ్రైవరు పెడితే పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే తడి రంపపు పొట్టు రాలింది. ఆ దూలం కిందే మీ నాన్న రోజూ గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. అప్పటికప్పుడు వాణ్ణి లేపి అవతల కూర్చోబెట్టాను. ఎందుకో చెప్పలేదు. ఈ ఉత్తరం చూస్తేనే వాడికి తెలియాలి.

1977 నవంబరు 19న, దివిసీమని ఉప్పెన ముంచిన రాత్రి, మా వీధివాళ్లు పాతికమంది ఆ మిద్దె కిందే తలదాచుకున్నారు. అంత గాలికి కదలని కప్పు అది. నాలుగు బస్తాల సిమెంటుతో నేను పాడు చేశాను.

అందుకే వారంలో పని ముగిస్తానన్న కాంట్రాక్టరుని దగ్గరికి రానివ్వకు. సున్నం నానాలి, ఇసుకతో కలిసి గానుగలో నలగాలి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పడాలి, ఒక పూత ఆరాకే ఇంకోటి వేయాలి. నెలలు పడుతుంది, పట్టనీ. మిగిలిన సిమెంటుని ఇటుక దెబ్బతినకుండా ఉలితో చెక్కించు. చెమ్మ గోడకి ఆనించి బట్టలు పెట్టావంటే మాత్రం నేనూరుకోను.

పలకల తలుపు తీసేసి షట్టరు వేస్తావట, ఎవరు చెప్పారే నీకు? పలక పలకకీ మీ తాతయ్య ఉలితో తెలుగు అంకె చెక్కారు, ౧ నుంచి ౧౪ దాకా. ౭ అంచు అరిగి ఉంటుంది, చూడు. బడికి వెళ్లేముందు రోజూ నేను తీసి పక్కన పెట్టిన పలక అది. తర్వాత మీ నాన్న వంతు వచ్చింది. ఇప్పుడు నీ వంతు, నా బంగారు తల్లివి.

సంక్రాంతి వెళ్లగానే వస్తాను. దూలాల చివర్లు ఒక్కొక్కటీ నేనే పొడిచి చూస్తాను. గట్టి నిచ్చెన ఒకటి అడిగి పెట్టు. అప్పటిదాకా తాళం తియ్యకు.

మీ పెదనాన్న